వీలీ నేర్చుకోవాలంటే ముందు కుడికాలికి నేర్పాలి

ముందు చక్రం గాల్లోకి లేపి వెనక చక్రం మీదే బండి నడపడాన్ని వీలీ అంటారు. బెంగళూరు శివార్లలో, హోస్కోటె అవతల ఒక గోడౌన్ ఆవరణ. ఆదివారం పొద్దున ఆరున్నర. ఫస్ట్ గేరులో క్లచ్ వదిలాను, ముందు చక్రం లేచింది. అంతకు ముందు ఇరవై సార్లు లేచినంత కాదు, ఇంకా పైకి లేచింది. స్పీడోమీటరు నా ముఖానికి ఎదురుగా వచ్చేసింది. దాని వెనకాల రోడ్డు లేదు, ఆకాశం ఉంది. ఒళ్లు వెనక్కి జారింది, ఆ బరువంతా కుడిచేతి గ్రిప్ మీద పడింది, గ్రిప్ ఇంకాస్త తిరిగింది. నంబర్ ప్లేటు కాంక్రీటుకు గీసుకున్న చప్పుడు వినపడేసరికి నేను నేల మీద ఉన్నాను. ఎడమ మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టుతో తిరిగాను.

ఆ రోజంతా నా కుడికాలు ఫుట్‌రెస్ట్ మీదే ఉంది. వెనక బ్రేకు పెడల్ మీద ఉండాల్సిన కాలు అది. రెండంగుళాల తేడా.

కట్టు విప్పాక నాకు మొదటి నుంచి నేర్పించిన అన్న ఊరు హిందూపురం. బెంగళూరులో పన్నెండేళ్లుగా బండ్లు బాగుచేస్తున్నాడు. నెల రోజుల పాటు నన్ను ముందు చక్రం లేపనివ్వలేదు. "చెయ్యి అదే నేర్చుకుంటాది. కాలికి నేర్పల్ల ముందు" అనేవాడు. మారతహళ్లి, హెచ్ఎస్ఆర్, ఎలక్ట్రానిక్ సిటీ పీజీల్లో ఉంటూ జీతం కూడబెట్టి పెద్ద బండి కొన్న మన కుర్రాళ్లు చాలామంది నన్ను ఇదే అడుగుతున్నారు. అందుకే ఆయన నేర్పిన వరసలోనే రాస్తున్నాను. వరస మార్చకండి.

స్థలం

పబ్లిక్ రోడ్డు వద్దు. ఖాళీగా ఉన్నా వద్దు, తెల్లవారుజామున అయినా వద్దు. నైస్ రోడ్డు, ఎయిర్‌పోర్టు రోడ్డు, నంది హిల్స్ దారి, ఇంకా రోడ్లు పూర్తికాని లేఅవుట్లు... ఇవన్నీ పబ్లిక్ రోడ్లే. మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ప్రమాదకరంగా నడిపినందుకు మొదటిసారికే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి నుంచి ఐదు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. బండి నడిపింది మైనరైతే 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రులకో బండి ఓనరుకో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. 2023 సెప్టెంబరులో చెన్నై-బెంగళూరు హైవే మీద కాంచీపురం దగ్గర వీలీ చేస్తూ పడిపోయిన ఒక యూట్యూబర్ జైలుకు వెళ్లాడు, అతని లైసెన్సు పదేళ్ల పాటు రద్దయింది. 2024 ఆగస్టులో నెలమంగల దగ్గర ఫ్లైఓవర్ మీద వీలీలు చేస్తున్న కుర్రాళ్ల స్కూటర్లను జనం పట్టుకుని కిందికి విసిరేశారు. ఆ జనం కోపం నాకు అర్థమవుతుంది. లేచిన బండి ముందు ఏముందో నడిపేవాడికి సరిగ్గా కనపడదు. హ్యాండిల్ తిప్పినా బండి తిరగదు. ఎదురుగా పాల ప్యాకెట్లు వేసే మనిషి సైకిల్ మీద వస్తే తప్పించే దారి ఉండదు.

మరి ఎక్కడ? సొంతదారు అనుమతి ఇచ్చిన, గేటు ఉన్న స్థలం కావాలి. ఆదివారం మూసి ఉండే గోడౌన్ ఆవరణ, ఫ్యాక్టరీ పార్కింగు, ఎవరిదైనా ప్రైవేటు కాంక్రీటు మైదానం. నలుగురు కలిసి వెళ్లి అడగండి, అనుమతి కాగితం మీద రాయించుకోండి. 200 మీటర్లు తిన్నగా ఉండాలి. ఆ చివర ఆగడానికి మరో 100 మీటర్లు కావాలి. పక్కన గోడ, కాలువ, కరెంటు స్తంభం ఉండకూడదు. పొద్దున్నే అందరూ వరసగా నిలబడి నేల ఊడవండి. చిన్న కంకర పొర మీద వెనక టైరు జారిందంటే బండి పక్కకు పడుతుంది.

శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి ఉన్న మద్రాస్ రేస్ ట్రాక్ పొడవు 3.7 కిలోమీటర్లు. బెంగళూరు నుంచి పొద్దున్నే బయలుదేరితే చేరుకోవచ్చు. కానీ ట్రాక్ డేలో వెనక ఇంకో బండి వస్తూ ఉంటుంది, కాబట్టి అక్కడ వీలీలు ప్రాక్టీసు చేయాలనుకోకండి. బండి మీద అదుపు, బ్రేకింగు, చూపు నేర్చుకోవడానికి మాత్రం ట్రాక్ శిక్షణను మించింది లేదు. వీలీ మొదలుపెట్టే ముందు ఒక్కసారైనా వెళ్లిరండి.

ఒంటరిగా ప్రాక్టీసు చేయకండి. కనీసం ఇద్దరు తోడు ఉండాలి, ఒక కారు ఉండాలి, దగ్గరలో ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రి ఎక్కడో ముందే చూసిపెట్టుకోవాలి. మణికట్టు విరిగిన రోజు నన్ను ఎక్కించుకోవడానికి ఆటో దొరికేసరికి నలభై నిమిషాలు పట్టింది.

బండి

పెద్ద బండి కొన్నారు కాబట్టి దాని మీదే నేర్చుకోవాలని ఉంటుంది. కవాసాకీ జెడ్900 లాంటిది 948 సీసీ, దాదాపు 125 హార్స్‌పవర్, 210 కిలోల పైచిలుకు బరువు. ఫస్ట్ గేరులో కేవలం రేజ్ (యాక్సిలరేటర్) ఇస్తేనే ముందు చక్రం లేస్తుంది. లేపడం అంత తేలిక కావడమే దానితో చిక్కు. కాలు నేర్చుకోకముందే చెయ్యి పని పూర్తి చేసేస్తుంది. కేటీఎం 390 డ్యూక్ లాంటి సింగిల్ సిలిండర్ బండి మీద నేర్చుకోండి. తేలిక, నిటారుగా కూర్చుంటారు, పడ్డా ఖర్చు తక్కువ. సొంతది లేకపోతే నలుగురు కలిసి పాత 200 డ్యూక్ ఒకటి కొనుక్కోండి. మేం అదే చేశాం. ఆ బండికి క్రాష్ గార్డులు వేశాం, వెనక సీటు కింద ఇనుప బద్దె బిగించాం. బండి మరీ వెనక్కి వస్తే ముందుగా నేలకు తగిలేది ఆ బద్దెనే.

మొదలుపెట్టే ముందు ఇవి చూడండి. చైన్ మరీ బిగుతుగానో వదులుగానో ఉండకూడదు; క్లచ్ వదిలిన ప్రతిసారీ దాని మీద దెబ్బ పడుతుంది. కోన్‌సెట్‌లో, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగుల్లో, ఆట ఉండకూడదు. ముందు చక్రం గాల్లోకి లేపి పెట్టి హ్యాండిల్ మెల్లగా తిప్పితే ఎక్కడా పట్టేయకూడదు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్ గొట్టాల సీళ్ల దగ్గర ఆయిల్ కారకూడదు. రేజ్ గ్రిప్ వదిలిన వెంటనే టక్కున వెనక్కి రావాలి. ఇంజన్ ఆయిల్ గరిష్ఠ గీత దగ్గర ఉండాలి. బండి వెనక్కి వాలినప్పుడు ఆయిల్ అంతా సంప్‌లో (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చోటు) వెనక్కి పోతుంది, పంపు గాలి పీల్చి ఇంజన్ ఎండిపోయే ప్రమాదం ఉంది. అందుకే మొదట్లో సెకన్లలోనే దించేయాలి.

వెనక టైరు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్, ముందు చక్రం లేవకుండా చూసే వీలీ కంట్రోల్ ఉన్న బండి అయితే ప్రాక్టీసు చేసినంతసేపు వాటిని ఆఫ్ చేయండి. అవి మధ్యలో ఇంజన్ శక్తిని కోసేస్తే ముందు చక్రం ధడాలున కింద పడుతుంది. వెనక ఏబీఎస్ (బ్రేకు గట్టిగా తొక్కినా చక్రం పట్టేయకుండా చూసేది) ఆపే వీలుంటే ఆపండి. డ్యూక్ 390లో సూపర్‌మోటో మోడ్ అదే పని చేస్తుంది. ఇంటికి వెళ్లేటప్పుడు అన్నీ తిరిగి ఆన్ చేయడం మరచిపోకండి.

ఇక బ్రేకు పెడల్ ఎత్తు. దీని గురించి ఎవరూ చెప్పరు. ప్రాక్టీసుకు వేసుకునే బూట్లే తొడుక్కుని సీటు మీద కూర్చోండి. మడమ ఫుట్‌రెస్ట్ మీద ఆనించి ఉండగానే, చీలమండ ఎత్తకుండా, బొటనవేలి కింది భాగం పెడల్ మీద పడాలి. పడకపోతే పెడల్ కిందికో పైకో సర్దించుకోండి. మెకానిక్‌కు పది నిమిషాల పని. నా పాత బండికి పెడల్ ఎత్తుగా ఉండేది. అలసట రాకూడదని కాలు పక్కకు పెట్టేవాణ్ణి. ఆ అలవాటే మణికట్టు విరగ్గొట్టింది.

ఫుల్ ఫేస్ హెల్మెట్, వీపు ప్రొటెక్టర్ ఉన్న జాకెట్, మోకాళ్లకూ మోచేతులకూ గార్డులు, చీలమండ కప్పే బూట్లు, గ్లోవ్స్. బెంగళూరు ఎండలో ఇవన్నీ వేసుకుంటే ఉక్కగా ఉంటుంది, అందుకే పొద్దున ఆరుకే మొదలుపెట్టి ఎనిమిదింటికల్లా ఆపేయండి.

చక్రం ఎందుకు లేస్తుంది, ఎందుకు దిగుతుంది

చిన్నప్పుడు పొడుగు కర్రను అరచేతి మీద నిలబెట్టే ఆట ఆడి ఉంటారు. కర్ర మీ వైపు వాలితే చెయ్యి మీ వైపు జరుపుతారు, అవతలికి వాలితే చెయ్యి అవతలికి జరుపుతారు. వీలీ అచ్చంగా ఆ ఆటే. వెనక టైరు నేలను తాకే చోటు మీ అరచెయ్యి, బండీ మీరూ కలిసి ఆ కర్ర. బండి ముందుకు వాలిపోతుంటే రేజ్ ఇస్తారు, టైరు ముందుకు ఉరికి కింద నిలబడుతుంది. బండి వెనక్కి వాలిపోతుంటే వెనక బ్రేకు తొక్కుతారు, టైరు వెనకబడుతుంది, బరువు దాన్ని దాటి ముందుకు పడుతుంది.

ఈ రెండింటి మధ్య ఒక చోటు ఉంది. బండి, మనిషి కలిసిన బరువు సరిగ్గా వెనక టైరు మీద నిలిచే కోణం. చాలా బండ్లలో అది నలభై ఐదు, యాభై డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అక్కడికి చేరే దాకా బండిని పట్టుకోవడానికి శక్తి కావాలి, వేగం పెరుగుతూనే ఉంటుంది. చేరాక శక్తి పెద్దగా అక్కరలేదు. అక్కడి నుంచి ఒక్క డిగ్రీ దాటినా రేజ్ మూయడం ఒక్కటే సరిపోకపోవచ్చు. అప్పుడు ఆదుకునేది బ్రేకే. రేజ్ మీద మాత్రమే ఆధారపడి నేర్చుకున్నవాడు ఆ కోణానికి ఎప్పటికీ వెళ్లలేడు, వెళ్లిన రోజు వెనక్కి పడతాడు.

మొదటి నెల: కాలు

చక్రం లేపకుండా చేసే పని ఇది. నేల మీద సుద్దతో గీత గీయండి. 20 నుంచి 30 కిలోమీటర్ల వేగంతో వచ్చి, వెనక బ్రేకు ఒక్కటే వాడి, ఆ గీత దగ్గర ఆగండి. చక్రం జారకుండా ఆగాలి. తర్వాత కావాలనే గట్టిగా తొక్కి వెనక చక్రం ఎక్కడ పట్టేస్తుందో చూడండి. బూటు అడుగున ఆ అంచు తెలియాలి. తర్వాత రేజ్ ఇస్తూనే బ్రేకు మెల్లగా తొక్కుతూ బండిని పది కిలోమీటర్ల వేగంలో నడిపించండి. చెయ్యి ఒకటి చేస్తుంటే కాలు ఇంకొకటి చేయడం మొదట వింతగా ఉంటుంది. మూడు ఆదివారాలకు అలవాటవుతుంది.

వారం మధ్యలో సైకిల్ తీయండి. గేర్లున్న సైకిల్, తక్కువ గేరు, సీటు కిందికి దించి, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనైనా సరే. ఒక తొక్కు గట్టిగా తొక్కి ముందు చక్రం లేపండి, వెనక బ్రేకు మీద వేలితో దించండి. వెనక్కి పడబోయే ఆ క్షణం ఎలా ఉంటుందో సైకిల్ మీద వంద సార్లు అనుభవించవచ్చు, కాళ్లు నేలకు ఆనించుకోవచ్చు, ఖర్చు లేదు. నన్ను అడిగితే సగం వీలీ సైకిల్ మీదే వచ్చేస్తుంది.

రెండో మెట్టు: రేజ్‌తో

ఫస్ట్ గేరు, 15 నుంచి 20 కిలోమీటర్ల వేగం. మోకాళ్లతో ట్యాంకును గట్టిగా పట్టుకోండి. సీటు మీద కాస్త వెనక్కి కూర్చోండి. చూపు దూరంగా, ఆ చివరి గోడ పైన. నేను ఎప్పుడూ ముందు టైరును చూసేవాణ్ణి. అన్న గట్టిగా అరిచేవాడు: "యాడ చూస్తాండావురా? టైరు ఏడికీ పోదు, ముందర చూడు!"

కుడి మోచెయ్యి కొంచెం పైకి, బయటికి పెట్టి గ్రిప్ పట్టుకోండి. మోచెయ్యి కిందికి వేలాడుతుంటే ఒళ్లు వెనక్కి జారినప్పుడు మణికట్టు తనంతట తానే ఇంకా రేజ్ ఇస్తుంది. నాకు జరిగింది అదే. హ్యాండిల్ లాగకండి, చేతులు లేపడానికి కాదు.

రేజ్ కాస్త మూసి, ముందు ఫోర్క్ కిందికి నొక్కుకున్న వెంటనే, అది పైకి వస్తున్న క్షణంలో రేజ్ తెరవండి. ముందుభాగం తేలికవడం తెలుస్తుంది. చిన్న బండి అయితే చక్రం నేలను వదలకపోవచ్చు, ఫరవాలేదు. ఇక్కడ నేర్చుకోవాల్సింది తేలికవుతున్న ఆ ఘడియ.

మూడో మెట్టు: క్లచ్

ఇక్కడే ఎక్కువ సమయం గడుపుతారు. వేగం 20, ఇంజన్ నాలుగు వేల ఆర్‌పీఎం దగ్గర. కుడికాలు బ్రేకు పెడల్ మీద. దీన్ని గట్టిగా చెప్పి మొదలుపెట్టండి, మేం హెల్మెట్‌లో "కాలు" అని పైకే అనేవాళ్లం.

రెండు వేళ్లతో క్లచ్ లాగండి, పూర్తిగా కాదు. ఇంజన్‌కూ చక్రానికీ పట్టు సడలే చోటు దాకా, అంతే. అదే క్షణంలో రేజ్ కొంచెం తెరవండి, ఆర్‌పీఎం వెయ్యి, పదిహేను వందలు లేవాలి. లేచిన వెంటనే క్లచ్ చకచకా వదిలేయండి. లివర్ మీది నుంచి వేళ్లు ఒక్కసారిగా తీసేస్తే బండి గుర్రంలా ఎగురుతుంది. మరీ మెల్లగా వదిలితే ప్లేట్లు కాలిన వాసన వస్తుంది, చక్రం లేవదు. ఈ రెండింటి మధ్య ఉన్న వేగం పుస్తకంలో రాసి చెప్పలేను. నాకు అది దొరికిన రోజు ఇంజన్ శబ్దం మారింది. అంతకు ముందు 'వ్రూమ్' తర్వాత 'ధడ్' అని రెండు ముక్కలుగా వినపడేది, ఆ రోజు ఒకే ముక్కగా వినపడింది.

చక్రం లేవగానే, రెండంగుళాలే లేచినా, వెనక బ్రేకు తాకించి దించండి. రేజ్ మూసి దించకండి. చక్రం ఎలాగూ కింద పడబోతోంది కదా, బ్రేకు ఎందుకు అనిపిస్తుంది. అవసరం కోసం కాదు, అలవాటు కోసం. ఇలా వంద సార్లు. లెక్క పెట్టుకోండి, తోడున్న వాళ్లను లెక్క పెట్టమనండి. వంద అయ్యేసరికి భయమేసిన క్షణంలో మీరు చెప్పకుండానే కాలు దిగుతుంది. కాలు మరచిపోయిన ప్రతిసారీ లెక్క మళ్లీ ఒకటి నుంచి. నేను 63 దగ్గర ఒకసారి, 88 దగ్గర ఒకసారి మళ్లీ మొదలుపెట్టాను.

ముందు బ్రేకు మీద వేళ్లు పెట్టకండి. గాల్లో ముందు చక్రం ఆగిపోయి, ఆగిన చక్రంతో నేలను తాకితే హ్యాండిల్ చేతిలోంచి లాగేసుకుంటుంది.

నాలుగో మెట్టు: ఎత్తు

వంద పూర్తయ్యాక అడుగు ఎత్తు, తర్వాత రెండు అడుగులు. ఎత్తు పెంచేది క్లచ్ కాదు, లేచాక రేజ్ ఎంత పట్టి ఉంచారన్నది. ఒక ఆదివారంలో ఒక అడుగు కంటే పెంచకండి. పక్క నుంచి స్నేహితుడితో ఫోనులో వీడియో తీయించుకుని చూడండి. మీకు ఆకాశానికి వెళ్లినట్టు అనిపించిన వీలీ వీడియోలో అడుగున్నర ఉంటుంది. కోణం కళ్లకు అలవాటు కావడానికి ఆ వీడియో చాలా పనికొస్తుంది.

దించేటప్పుడు బ్రేకు చివరి దాకా తొక్కి ఉంచితే ముందు చక్రం నేలకేసి కొట్టినట్టు పడుతుంది. బ్రేకుతో దిగడం మొదలుపెట్టించి, కాలు సడలించి, నేల దగ్గరికి వచ్చాక చిటికెడు రేజ్ ఇవ్వండి. టైరు మెత్తగా కూర్చుంటుంది. ఆ క్షణంలో హ్యాండిల్ తిన్నగా ఉండాలి, పట్టు మాత్రం వదులుగా ఉండాలి. గాల్లో నెమ్మదించిన చక్రం నేలను తాకి ఒక్కసారిగా వేగం అందుకుంటుంది. వంకరగా తాకితే హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకుంటుంది.

బండి ఒక్కోసారి పక్కకు, సాధారణంగా ఎడమకు, లాగుతుంది, ఎందుకంటే క్లచ్ లాగే చెయ్యి తెలియకుండా హ్యాండిల్‌ను కూడా లాగుతుంది. గాల్లో సరిచేయాలని చూడకండి, దించి మళ్లీ మొదలుపెట్టండి. సరిచేయడం చాలా తర్వాత వస్తుంది. అప్పుడు ఫుట్‌రెస్ట్‌ల మీద బరువు మార్చి, మోకాలు బయటికి పెట్టి సరిచేస్తారు.

వెనక్కి పోతోందని తెలిసిపోతే బ్రేకు గట్టిగా తొక్కండి. తొక్కినా ఆగకపోతే హ్యాండిల్ వదిలేసి కాళ్లు నేల మీద పెట్టండి. బండిని పట్టుకుని వేలాడకండి, వేలాడితే రేజ్ పెరుగుతుంది. బండి పోతే పోనివ్వండి. దీన్ని నిలబడి ఉన్న బండి మీద, తోడు ఇద్దరూ పట్టుకుని ఉండగా, సీటు మీది నుంచి వెనక్కి దిగుతూ పదిసార్లు చేసి చూడండి.

పెద్ద బండి మీదకు

చిన్న బండి మీద రెండు మూడు అడుగుల ఎత్తులో కాసేపు పట్టి, మెత్తగా దించడం వరసగా ఇరవై సార్లు వస్తే పెద్ద బండి తీయండి. ఫస్ట్ గేరులో మొదలుపెట్టకండి. సెకండ్ గేరులో అది లేవడం మెల్లగా ఉంటుంది, మీకు ఆలోచించే వ్యవధి ఇస్తుంది. వేగం ఎక్కువ, 40 పైన, కాబట్టి స్థలం ఇంకా పొడుగు కావాలి. మళ్లీ రెండంగుళాల నుంచి మొదలు, మళ్లీ వంద లెక్క. పెద్ద బండి బ్రేకు పెడల్ పట్టు వేరు, కాలు దాన్ని కొత్తగా నేర్చుకోవాలి. నాకు ఇక్కడ ఐదు వారాలు పట్టింది.

ప్రాక్టీసు అయ్యాక నీడలో కూర్చుని నీళ్లు తాగి, బండి చల్లారాక చైన్ చూడండి, చాలాసార్లు వదులవుతుంది. ఫోర్క్ సీళ్లు, వెనక బ్రేకు ప్యాడ్లు, ఆయిల్ మట్టం చూడండి. టైరులో గాలి తగ్గించి ఉంటే మళ్లీ నింపండి. ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ ఆన్. అన్న ఇప్పటికీ గేటు దగ్గర నిలబడి ప్రతి బండి డిస్‌ప్లేనూ వంగి చూసి, రెండు దీపాలూ సరిగ్గా ఉన్నాయని తేలాకే రోడ్డు మీదకు వదులుతాడు.